మెట్ల మీంచి పడలేదు

కోర్టు వరండా చివర, మంచినీళ్ల కుళాయి పక్కన, మొగుడు ఆమె జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. పెద్దగా చప్పుడు కాకుండా ఎలా కొట్టాలో అతనికి బాగా తెలుసు.

"పిల్ల మెట్ల మీంచి పడిందని చెప్పు. ఇంకో ముక్క నోట్లోంచి వచ్చిందో, నీ పీనుగే ఇంటికెళ్తుంది."

అతను లోపలికి వెళ్లాక అత్త తన కొంగుతో కోడలి నుదుటి నెత్తురు అద్దింది. "ఓర్చుకోవే తల్లీ. మీ మామ తన్నిన తన్నుకి నా కడుపులో బిడ్డే పోయింది. నేను కోర్టుకెక్కానా?" అంది, ఓదార్పుగానే.

బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టే మనిషి ఆమె. భర్త లారీ డ్రైవరు. కూర చప్పగా ఉందని ఒక మధ్యాహ్నం ఆమె మీదికి అతను ఎత్తిన జాకీ కడ్డీకి ఆరేళ్ల కూతురు అడ్డం వచ్చింది. పిచ్చిక అంటారు ఆ పిల్లని. ముంజేయి ఎండుపుల్లలా విరిగింది. మెట్ల మీంచి పడిందని ఆసుపత్రిలో తల్లే చెప్పింది. బడిలో టీచరమ్మ బుజ్జగించి అడిగితే పిల్ల నిజం కక్కేసింది. ఆ వారమే పిల్లను బాలల సదనానికి తీసుకుపోయారు.

వాళ్ల వకీలు లెక్క తేల్చేశాడు. "పడిందంటే సాయంత్రానికి పిల్ల నీ ఒళ్లో ఉంటుంది. కొట్టాడంటే, ఇన్నాళ్లూ దాచిన తల్లివని నీకూ ఇవ్వరమ్మా."

కోర్టు గదిలో పిచ్చిక సదనం ఆయా పక్కన కూర్చుని ఉంది. తల్లి నుదురు చూసింది. తండ్రిని చూసింది. జడ్జమ్మ ఇంకా ఏమీ అడగకముందే లేచి నిలబడింది.

"నేనే పడ్డానండీ. నాన్న కొట్టలేదు. అమ్మని కొట్టొద్దని చెప్పండి."

మొగుడు తలూపాడు, పాఠం అప్పజెప్పిన పిల్లని మెచ్చుకున్నట్టు. అది చూసి ఆమె ముందుకొచ్చింది.

"అబద్ధమండీ," అంది. "ఇనప కడ్డీతో కొట్టాడు. ఈ అబద్ధం దానికి నేర్పింది నేనే."

మాట పూర్తి కాలేదు. కుర్చీ ఎత్తి మొహమ్మీద మోదాడు. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. ఇద్దరు పోలీసులు ఈడ్చుకుపోతున్నా అతని కాలు గాల్లో తన్నుతూనే ఉంది. పిచ్చిక కేకకు గది దద్దరిల్లింది. ఆయా పిల్లను ఎత్తుకుని బయటికి పరిగెత్తింది.

జడ్జమ్మ ఉత్తర్వు చెప్పింది. తల్లి వేరే నీడ చూసుకునేదాకా పిల్ల సదనంలోనే ఉండాలి.

వరండాలో అత్త శోకాలు మొదలుపెట్టింది. "కన్నకూతుర్ని చేజేతులా పోగొట్టుకున్నావు కదే! మొగుణ్ణి జైలుపాలు చేశావు. పద ఇంటికి, నలుగురూ చూస్తున్నారు."

ఆమె నోట్లోని నెత్తురు ఉమ్మింది. దాంతోపాటు ఒక పన్ను వచ్చింది.

"చూడనీ అత్తా. నేను ఆ ఇంటికి రాను."

"మరెక్కడికి పోతావే?"

ఆమెకు తెలియదు. డొక్క పట్టుకుని గేటు వైపు నడిచింది.