బావ దాచుకున్న మడుగు

ఆ కొండ ఊళ్ళో గైడ్లందరికీ ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ రాసిపెట్టింది కాదు, అయినా ఎవరూ మీరరు. వ్యూ పాయింటు, పడవల చెరువు, అరిస్తే తిరిగి పలికే లోయ, జంట బండల మీదికి ట్రెక్కింగు, తాడుకి వేలాడుతూ లోయ దాటే ఆట, ఇవన్నీ వచ్చినవాళ్ళకి చూపించాల్సిందే. కానీ ప్రతి గైడూ ఒక్క చోటు మాత్రం తనకోసం దాచుకుంటాడు. కాళ్ళావేళ్ళా పడ్డా అక్కడికి ఎవర్నీ తీసుకెళ్ళడు. ఏడాది పొడుగునా వచ్చేపోయేవాళ్ళకి కొండల్ని చూపించి చూపించి విసిగినవాడికి, తను చూసుకోడానికంటూ ఆ కాస్తయినా ఉండాలి కదా.

మన గైడుని ఊళ్ళో అందరూ 'పది నిమిషాలు' అనే పిలుస్తారు. ఎంత ఎక్కుడైనా సరే, ఆయాసపడేవాళ్ళతో "ఇంకో పది నిమిషాలే సార్" అంటాడు. గంట నడిచాక అడిగినా అదే మాట. ఈ విద్యంతా నేర్పింది వాళ్ళ బావ, అంటే అక్క మొగుడు. ఏ పనిలోనూ కుదురు లేక గాలికి తిరుగుతున్నవాణ్ణి వెంటబెట్టుకుని కొండలెక్కించి, మనిషిని చేసింది ఆయనే.

బావ మోకాళ్ళు అరిగిపోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు చెరువు గట్టున కూర్చుని అద్దె సైకిళ్ళకి పంక్చర్లు వేస్తాడు, తొక్కుడు పడవలు బాగుచేస్తాడు. ఎక్కలేని మనిషికి ఆ కొండలన్నిటిలో మిగిలింది ఒక్క మడుగు. పాత పంపుహౌసు వెనక, ఎక్కుడూ దిగుడూ లేని దారి చివర ఉంటుంది. రెండు నిలువుల ఎత్తు నుంచి సన్నగా పడే ధార, కింద నడుంలోతు నీళ్ళు, పక్కనే నున్నటి బండ. ప్రతి మంగళవారం సెలవు పెట్టుకుని, కర్ర పోటేసుకుంటూ వెళ్ళి మధ్యాహ్నం దాకా ఆ బండ మీద కూర్చుని వచ్చేవాడు. ఆ తర్వాత నాలుగు రోజులు నొప్పి ఊసే ఎత్తడని అక్క చెప్పేది. ఆ చోటు బామ్మర్దికి ఒక్కడికే చూపించాడు.

"ఎప్పుడైనా ఇంటికి రాకపోతే నన్నెక్కడ వెతకాలో ఒకడికైనా తెలియాలి కదరా" అన్నాడప్పుడు.

పోయిన వానాకాలం చివర్లో ఒక రిటైర్డు హెడ్మాస్టరు కుటుంబాన్ని తీసుకుని ఎనిమిదిమందిగా దిగాడు. మూడు రోజులూ మబ్బే. వ్యూ పాయింటు దగ్గర రెయిలింగు తప్ప ఏమీ కనపడలేదు. పడవలు ఆపేశారు. హెడ్మాస్టరు గొడుగు ముడిచి, "ఇంత దూరం వచ్చింది మంచు చూసి పోడానికా? నీ గురించి నెట్లో రాస్తా చూడు" అన్నాడు. గైడుకి తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ళలో అతన్ని ఎవరూ అంత మాట అనలేదు.

అప్పుడు అతని దగ్గర రెండు దార్లున్నాయి. ఒకటి అతను తనకోసం దాచుకున్న అంచు. దేవదారు చెట్లు దాటి వెళితే, మబ్బులకి పైన, లోయంతా కాళ్ళ కింద ఉండే చోటు. రెండోది బావ మడుగు.

"రండి సార్, ఎవరికీ తెలియని జలపాతం చూపిస్తా" అన్నాడు. పంపుహౌసు దగ్గరే కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. పిల్లలు నీళ్ళలోకి దూకారు. హెడ్మాస్టరు ఆ నున్నటి బండ మీద కూర్చుని ఫొటో తీయించుకున్నాడు. "ఎవరికీ చెప్పకండి సార్" అని గైడు చేతులు జోడించి బతిమాలాడు. అలా అనకపోయినా బాగుండేది. ఎవరికీ చెప్పొద్దన్న చోటు కంటే నలుగురికీ చెప్పదగ్గది ఇంకేముంటుంది?

ఎండాకాలం వచ్చేసరికి పంపుహౌసు గోడ మీద బాణం గుర్తు వెలిసింది. 'రహస్య జలపాతం, నాలుగు వందల మీటర్లు' అని పెద్దక్షరాలతో రాశారు. మడుగు చుట్టూ ఇనప కడ్డీలు వేశారు. బండ మీద సిమెంటు పోసి మెట్టు కట్టారు. ఒక సోమవారం టిక్కెట్టు గది కూడా తెరిచారు.

మర్నాడు, మంగళవారం, బావ వెళ్ళిన పావుగంటకే తిరిగొచ్చాడు. అక్క ఏమైందంటే ఏమీ లేదన్నాడు. కర్ర మూలన పెట్టి, సెలవు రోజైనా చెరువు గట్టుకి వెళ్ళి సైకిలు చక్రం ఊడదీసుకుని కూర్చున్నాడు.

గైడుకి నెల రోజులు మొహం చెల్లలేదు. చివరికి వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. బావ ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు.

"నీది ఎందుకు చూపించలేదురా?"

"దూరం బావా."

"ఊఁ. దూరమే" అన్నాడు బావ. బుడగలొస్తున్న చోట వేలితో నొక్కిపట్టాడు.

నాలుగు తిట్లు తిట్టి ఉంటే గైడుకి ఆ రాత్రి కంటి మీద కునుకు పట్టేది. అలా జరగలేదు కాబట్టి, తనే ఒక ప్రాయశ్చిత్తం వెతుక్కున్నాడు. తన అంచుని బావకిచ్చేయాలి. తర్వాతి మంగళవారం గుర్రాలవాడి దగ్గర నెమ్మదైన గుర్రాన్ని మాట్లాడుకుని, బావని ఎక్కించి, తనే కళ్ళెం పట్టుకుని నడిపించాడు. బావ వద్దనలేదు. దారిలో పాత ట్రెక్కింగు దారులు కనపడ్డప్పుడల్లా కర్రతో చూపించి, ఎప్పుడెప్పుడు ఎవరెవరు జారిపడ్డారో చెప్పి నవ్వాడు కూడా. గైడు మనసు తేలికపడింది. అంతా సర్దుకుంటుందనే అనుకున్నాడు.

దేవదార్లు అయిపోయి చివరి మలుపు వచ్చేసరికి బావ గుర్రాన్ని ఆపించాడు. మెల్లిగా దిగి, మలుపుకి వీపు పెట్టి ఒక రాయి మీద కూర్చున్నాడు.

"ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే బావా."

"తెలుస్తోంది. గాలి మారింది. నేను చూడనులేరా."

"నీకివ్వడానికేగా తీసుకొచ్చాను."

"ఇద్దరికి తెలిసిన చోటు ఎలా అవుతుందో చూశాం కదా" అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని గైడు ఎంత వెతికినా లేదు. "నీదైనా నీకుండనీ. వెళ్ళి కూర్చునిరా. నా వంతు కూడా నువ్వే కూర్చో."

గైడు కదల్లేదు. బావ కర్రతో అతని కాలి మీద మెల్లిగా తట్టాడు. "వెళ్ళు. నేనూ గుర్రమూ ఎక్కడికీ పోం."

మలుపు తిరిగి ఒక్కడే వెళ్ళాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. చెరువు, పడవలు, బస్టాండు, అక్కవాళ్ళ ఇంటి రేకులు, అన్నీ చేత్తో తీసుకోవచ్చు అన్నట్టు కనిపించాయి. పంపుహౌసు దారిలో జనం బారులు తీరి ఉన్నారు. ఇంత వెడల్పు అంచు మీద ఆ రోజు ఎనిమిదిమందీ హాయిగా కూర్చునేవాళ్ళు. దూరం కాదు, ఇవ్వబుద్ధి కాలేదు, అంతే. ఆ సంగతి బావకి మొదటి రోజే తెలుసని అతనికి ఇప్పుడర్థమైంది.

ముందు తన వంతు కూర్చున్నాడు. తర్వాత బావ వంతు కూర్చుందామని చూశాడు. అది మాత్రం అతనివల్ల కాలేదు.