నాలుగు వేళ్ల ఎడం

రాజోలు బస్టాండు దాటి తాటిపాక వైపు వెళ్లే రోడ్డులో, మందుల షాపుకీ టైలరుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది సాలమోను గారి ఫొటో ఫ్రేముల కొట్టు. పేరుకే సాలమోను గారిది. ఆయన కళ్లకి శుక్లాలు వచ్చినప్పటినుంచీ బీడింగు చెక్క కొయ్యడం, గ్లాసు కొట్టడం, మేకులు దిగ్గొట్టడం అన్నీ కూతురు శారోనే. ఆయన పని గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగడం, వచ్చినవాళ్లకల్లా "మా అమ్మాయి కంటే నేనే బాగా చేసేవాణ్ణండి" అని చెప్పడం.

"ఆయ్, అందుకే మీరు చేసినవన్నీ ఇప్పుడు నా దగ్గరికి రిపేరుకి వస్తన్నాయి" అని లోపలినుంచి శారోన్.

ఫ్రేము కట్టడమంటే నాలుగు చెక్కలు అతికించడమే అనుకుంటారు జనం. కోనసీమ గాలిలో సగం నీళ్లే. వానాకాలంలో ఫొటో వెళ్లి గ్లాసుకి అతుక్కుంటుంది, లాగితే తాతగారి మీసం గ్లాసు మీద, తాతగారు మాత్రం అట్ట మీద. అందుకని గ్లాసుకీ ఫొటోకీ మధ్య సన్న చెక్కపుల్ల పెట్టాలి. చెద పట్టకుండా వెనక అట్టకి మందు రాయాలి. ఇవి కాక తెచ్చే వస్తువులు. రిటైరైన కండక్టరు ఒకాయన టిక్కెట్లు కొట్టే మిషనూ, తోలు సంచీ తెచ్చి "ఇవి రెండూ ఫ్రేములో పెట్టమ్మా" అన్నాడు. ఆ లోతుకి ఫ్రేము చాలదు, పెట్టె కావాలి. పెట్టె చేస్తే "దీన్ని గోడకి కొడితే గోడ ఆగుతుందా?" అని ఆయనే అడిగేడు. "గోడకి సెలవిచ్చెయ్యండి, టేబులు మీద పెట్టుకోండి" అంది శారోన్.

ఫొటోల్లో మనుషులు కదలడం సంగతి కూడా ఉంది గానీ, అది కష్టాల్లో లెక్క కాదు. సాలమోను గారి తండ్రి కాలంనుంచీ ఆ కొట్టులో అంతే. కొత్త ఫ్రేములోకి వెళ్లినవాళ్లు ఒక రోజు సర్దుకుంటారు. కొత్త చెప్పులేసుకున్నవాళ్లలాగా కాస్త అటూ ఇటూ జరుగుతారు, భుజాలు సరిచేసుకుంటారు. అందుకే వెనక మేకులు కొట్టకుండా ఒక రోజు వదిలేస్తారు. మేకులు కొట్టి పేపరు టేపు వేసేసేక, ఎవరు ఎక్కడుంటే అక్కడే ఇక, జీవితాంతం. ఇంకో నియమం: మేకులు కొట్టని ఫ్రేముల మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. ఆనించి పెడితే పక్కింటికి వెళ్లినట్టు వెళ్లిపోతారు.

ఆ జూలైలో సోమవారం సాయంత్రం కొట్టు రేకు కారింది. సర్దుబాటులో ఉన్న ఫ్రేములు రెండిటినీ శారోన్ గబగబా తెచ్చి, తడవని మూల ఉన్న చిన్న బల్ల మీద పెట్టింది. బల్ల ఎంతో ఫ్రేములు రెండూ అంతే. నాలుగు వేళ్లు కాదుగదా, నఖం దూరే సందు లేదు. 'ఒక్క పూటకేం కొంపలంటుకుంటాయిలే' అనుకుని, రేకు మీద బరకం కప్పి ఇంటికెళ్లిపోయింది.

పొద్దున్న వచ్చి చూస్తే, వాలీబాల్ టీములో కెప్టెను లేడు.

అది 1995లో జిల్లా కప్పు గెలిచిన హైస్కూలు పాత విద్యార్థుల టీము. పన్నెండుమంది. మధ్యలో కుర్చీ వేసుకుని, ఒళ్లో కప్పు పెట్టుకుని కూర్చున్నవాడు కెప్టెను సీమోను. ఇప్పుడా కుర్చీ ఖాళీ. మిగతా పదకొండుమందీ తలలు పక్కకి తిప్పి, పెళ్లిపందిట్లో చెప్పులు పోయినవాళ్లలా చూస్తున్నారు. పక్క ఫ్రేము నర్సింగు ట్రైనింగు బ్యాచిది, 1996. తెల్ల టోపీల అమ్మాయిలు రెండు వరసలు, ముందు కుర్చీలో మేట్రను. వెనక వరస చివర నీలం నిక్కరుతో సీమోను నిలబడి ఉన్నాడు. పక్కనున్న అమ్మాయి కప్పుకి ఒక చెవి పట్టుకుంది, రెండో చెవి అతను. మేట్రను మొహం చూడాలి.

"కప్పు కూడా పట్టుకుపోయేడు నాన్నా!" అని నెత్తి పట్టుకుంది శారోన్.

సాలమోను గారు ఫ్రేముని కళ్లకి ఆనించుకుని చూసి, "అమ్మాయి బావుంది" అన్నాడు.

"నాన్నా!"

"నేను నీకు నాలుగు వేళ్లు అని ఎన్నిసార్లు చెప్పేను? చెయ్యి ఖాళీగా లేదా?"

ఆదివారం పొద్దున్న పదింటికి హైస్కూలు స్టేజీ మీద ఆ టీము ఫొటోకి తెర తీస్తారు. వంటలవాళ్లకి చెప్పేసేరు, మైకు కట్టేసేరు. కబురందగానే వెంకటరాజు స్కూటరు మీద వచ్చేడు. ఆయన ఆ టీముకి వైస్ కెప్టెను, ఈ సభకి కార్యదర్శి.

"కెప్టెను లేకుండా టీము ఏంటమ్మా? ఆదివారానికి వాడు కుర్చీలో ఉండాలి."

"ఆయ్, ఉంటారండి. ఫొటోలో వాళ్లు అసలు మనిషి పిలిస్తేనే వింటారు. సీమోను గారిని ఒకసారి రమ్మనండి."

సీమోను వచ్చేడు. యాభై మూడేళ్లు. కొబ్బరి దింపులు చేయిస్తాడు, రోజంతా మెడ ఎత్తి చెట్లు చూసీ చూసీ మనుషుల్ని కూడా కాస్త పైనుంచే చూస్తాడు గానీ, మాట మాత్రం నేల మీదే, అదీ నలిగి నలిగి వస్తుంది. పెళ్లెందుకు చేసుకోలేదయ్యా అంటే కారణం చెప్పలేడు. ఈ దింపు అవనీ, వచ్చే దింపు అవనీ అంటుండగా యాభై దాటేయి. ఎక్కడికెళ్లినా చివర నిలబడతాడు. జన్మలో ఒక్కసారే మధ్యలో కూర్చున్నాడు, అది ఈ ఫొటోలోనే.

శారోన్ రెండు ఫ్రేముల్నీ మళ్లీ ఆనించి పెట్టేక, ఆయన నర్సుల ఫ్రేము ముందు చేతులు కట్టుకుని, పాతికేళ్ల తన మొహంతో అన్నాడు: "బాబూ, వచ్చెయ్యవా? నవ్వుతారు."

ఫొటోలో సీమోను కనీసం కన్ను తిప్పలేదు.

"గట్టిగా అనండి, మీరే కదా!" అంది శారోన్.

"నన్ను నేనెప్పుడూ గట్టిగా అనుకోలేదమ్మా" అన్నాడాయన దిగులుగా.

బుధవారం ఇంకో ముప్పు బయటపడింది. టీము ఫొటోలో వైస్ కెప్టెను వెంకటరాజు తన చోట లేడు. అర బెత్తెడు జరిగేడు, ఖాళీ కుర్చీ వైపు. గురువారానికి కుర్చీ చెయ్యి మీద చెయ్యి వేసేడు. అసలు వెంకటరాజు గారికి ఇది చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, గొంతు సవరించుకుని, "పోనీలేమ్మా, సీమోనుని మరీ ఇబ్బంది పెట్టకండి. ఏదో, ఆదివారానికి కుర్చీలో ఎవరో ఒకరుంటే చాలు" అన్నాడు. అన్నాక స్కూటరు కూడా కాస్త హుషారుగానే స్టార్టు చేసేడు.

ఆ సాయంత్రం వచ్చిన సీమోను కుర్చీ మీద పడ్డ ఆ చేతిని చూసి, తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు, కప్పు ఉన్నట్టు. అది శారోన్ చూసింది. తప్పు తనది. మేకులు కొట్టేస్తే ఈయన తన ఒక్క కుర్చీ నుంచి శాశ్వతంగా లేచిపోయినట్టే.

"అమ్మాయి కప్పు వదలట్లేదు" అన్నాడు సాలమోను గారు, కళ్లు కనబడనివాడు ఏం చూస్తాడో గానీ. "వీణ్ణి పిలిచి లాభం లేదు. ఆవిణ్ణి పిలు."

ఆవిడ క్రిస్టీనా. శివకోడులో అన్నగారింటి పక్కన రెండు గదులు వేసుకుని ఉంటోంది. ఇరవై నాలుగేళ్లు మస్కట్‌లో నర్సు ఉద్యోగం చేసి వచ్చింది. కబురందుకుని కొట్టుకి వచ్చి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, ఫొటోని పేషెంటు చార్టు చూసినట్టు పైనుంచి కిందికి చూసింది.

"ఈయనెవరు?"

"నేనేనండి" అన్నాడు సీమోను, కుర్చీలోంచి లేచి. "ఈ... అప్పుడు."

"నిక్కరుతో మా బ్యాచిలోకి వచ్చేసేరేంటండీ? మా మేట్రను గారు ఎంత స్ట్రిక్టో తెలుసా?"

"క్షమించండి. నాకు చెప్పకుండా వచ్చేసేడు."

క్రిస్టీనా నవ్వింది. తన ఫొటోని గదిమింది: "ఒసేయ్, వదలవే. ఎవరి కప్పో పట్టుకుని ఆ నవ్వేంటి?" ఇరవై రెండేళ్ల క్రిస్టీనా కప్పుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"అప్పుడూ ఇంతే, చెప్పిన మాట వినేదాన్ని కాదు" అంది పెద్దావిడ.

మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చేరిద్దరూ, ప్రయత్నించడానికని. ఒక పది నిమిషాలు ప్రయత్నించేరు. తరవాత ఫ్రేములకి వీపు పెట్టి గంటన్నర కబుర్లాడుకున్నారు. ఎండిపోయిన కొబ్బరాకు శబ్దాన్ని బట్టి చెట్టు ఆరోగ్యం చెప్పొచ్చని ఆయన చెబితే, దగ్గుని బట్టి మనిషి అబద్ధమాడుతున్నాడని కనిపెట్టొచ్చని ఆవిడ చెప్పింది. సీమోను అంత పొడుగు వాక్యాలు మాట్లాడగలడని శారోన్‌కే కాదు, ఆయనకీ తెలిసినట్టు లేదు. మధ్యలో ఆయనే లేచి మూడు టీలు తెచ్చేడు. సాలమోను గారు లెక్కపెట్టి, "మనం నలుగురం కదా బాబూ" అన్నాడు. సీమోను నాలిక కరుచుకుని మళ్లీ పరిగెత్తేడు.

శనివారం సాయంత్రం. టీము ఫొటోలో వెంకటరాజు సగం కూర్చునే ఉన్నాడు, లాంఛనానికి మాత్రం కుర్చీకి ఇంకా ఆనకుండా మోకాళ్ల మీద ఆగేడు.

"ఇంక రేపు పొద్దున్న మేకులు కొట్టెయ్యాలండి" అంది శారోన్. గొంతులో వేళాకోళం లేదు.

సీమోను తల ఊపేడు. "ఫర్లేదమ్మా. వాడు అక్కడ బాగానే ఉన్నాడు కదా. ఉండనీ."

క్రిస్టీనా ఆయన వైపు ఒకసారి చూసింది. లేచి ఫొటో దగ్గరికి వెళ్లి, వంగి, తన చిన్నప్పటి చెవిలో ఏదో చెప్పింది. శారోన్ మెడ చాచింది గానీ వినబడలేదు.

"ఏం చెప్పేరండీ?"

"ఇరవై నాలుగేళ్లు నైటు డ్యూటీలు చేశానమ్మా. ఎవర్ని ఎప్పుడు ఎక్కడికి పంపాలో నాకు తెలుసు. ఆ రెండూ ఈ రాత్రికి ఆనించి పెట్టు. ఎడం వద్దు."

ఆదివారం పొద్దున్న ఏడింటికి శారోన్ ఒక్కత్తే కొట్టు తీసింది. టీము ఫొటో చూసింది. చూసి, చెంప మీద చెయ్యి వేసుకుని ఒక నిమిషం నిలబడింది. తరవాత దాన్ని బోర్లా తిప్పి, అట్ట పెట్టి, టకటకా పదహారు మేకులు కొట్టి, టేపు వేసి, న్యూస్‌పేపరు చుట్టి, పురికొసతో ముడివేసింది.

"వచ్చేడా?" అని అడిగేడు సాలమోను గారు.

"ఆయ్, వచ్చేడు నాన్నా" అంది శారోన్. అబద్ధం కాదు మరి.

స్టేజీ మీద వెంకటరాజు తెర తీసేడు. పన్నెండుమందీ ఉన్నారు. ఫొటోలో వెంకటరాజు తన పాత చోటుకే వెళ్లిపోయి, మోకాళ్లు నొప్పులన్నట్టు మొహం పెట్టేడు. మధ్య కుర్చీలో సీమోను, ఒళ్లో కప్పు. ఆయన పక్కన, మేట్రను కుర్చీని ఎలా లాక్కొచ్చిందో, అది వేసుకుని, తెల్ల టోపీతో, కప్పుకి రెండో చెవి పట్టుకుని క్రిస్టీనా.

వెంకటరాజు జాబితాలోంచి పేర్లు చదువుతూ వచ్చి ఆగేడు. "కెప్టెన్ సీమోను... పక్కన, నర్సమ్మ గారు... ఒరే సీమోనూ, ఈవిడ పేరు జాబితాలో లేదురా. ఏమని చదవను?"

సీమోను ఎప్పటిలాగే స్టేజీకి చివర నిలబడి ఉన్నాడు. వెంకటరాజు మైకు చేతిలో పెట్టేసేడు. పాపం, ఆయన జన్మలో మైకు ముట్టుకోలేదు. జనంలో ఆఖరి వరసలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని క్రిస్టీనా కూర్చుని ఉంది.

"ఆవిడ క్రిస్టీనా గారండి" అన్నాడు. మైకు కుయ్యిమంది. "మరి... ఫొటోలో ఆయన అడిగేసినట్టున్నాడండి. నేనే ఇంకా అడగలేదు."

ఆఖరి వరసలోంచి వినబడింది: "మైకు ఉంది కదండీ. అడగండి మరి."

పెళ్లి ఫొటో ఆగస్టు నెలాఖరుకి శారోన్ కొట్టుకే వచ్చింది. పాస్టరు గారు, అన్నగారి కుటుంబం, వెంకటరాజు, అందరి మధ్యలో ఇద్దరూ. నర్సింగు బ్యాచి ఫొటో అప్పటిదాకా మేకులు కొట్టకుండా అక్కడే ఉంది, వెనక వరస చివర ఖాళీ జాగాలో కుర్చీ పోయిన మేట్రను తన హ్యాండుబ్యాగు పెట్టుకుని నిలబడే ఉంది, దాన్ని అలాగే కట్టెయ్యమన్నారు ఆ బ్యాచివాళ్లు. పెళ్లి ఫొటోకి శారోన్ చెక్కపుల్ల పెట్టింది, అట్టకి మందు రాసింది, పద్ధతి ప్రకారం ఒక రోజు సర్దుబాటుకి వదిలింది. చుట్టూ నాలుగు వేళ్లు కాదు, జానెడు ఎడం.

పొద్దున్న వచ్చి చూస్తే ఇద్దరూ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అయినా మేకులు మాత్రం నాలుగు ఎక్కువే కొట్టింది.