టైలరు మీద పాట

ఆ వీధిలో టైలరుకు సొంత ఇల్లు లేకపోయినా సొంత పాట ఉంది. దాన్ని కట్టింది ఆయన భార్యా, చెల్లెలూ.

ఆ వదినా ఆడపడుచులిద్దరూ వయసులో ఉన్నప్పటి నుంచీ కలిసి పాటలు కట్టి, బస్సులెక్కి ఊరూరా పాడి, జుట్లు నెరిపించుకున్నవాళ్ళు. నది మీదా కరువు మీదా కట్టిన పాటల్ని జనం శ్రద్ధగా వినేవారు. టైలరు పాటను మాత్రం మళ్ళీ మళ్ళీ పాడించుకునేవారు. తన పెళ్ళిచొక్కా తానే కుట్టుకుని, ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా పెట్టుకున్న ఘనుడి కథ అది.

ఇన్నేళ్ళూ టైలరు ఓర్చుకున్నాడు. మొన్న కొత్తగా వచ్చిన ఒకాయన కొలతలిస్తూ, "రెండు చేతులూ ఒకే పొడుగు పెట్టండి మాస్టారూ, మీ పాట విన్నాను" అనేసరికి ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే తేల్చేశాడు.

"ఆదివారం నా షాపులో పాడతామన్నారుగా, పాడుకోండి. నా పాట మాత్రం వినపడకూడదు."

"సరేనండీ," అంది భార్య.

"అలాగే అన్నయ్యా," అంది చెల్లెలు.

పోట్లాటకని దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఆయన నోట్లోనే ఉండిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం కుట్టుమిషన్లు గోడవారకు జరిపి, బట్టలు కత్తిరించే బల్ల మీద హార్మోనియం పెట్టారు. కుర్చీలు చాలక కొందరు బట్టల తానుల మీద కూర్చున్నారు. నలిగిపోతాయని టైలరు ఇద్దర్ని లేపి, మొహమాటపడి మళ్ళీ తనే కూర్చోబెట్టాడు.

గొంతుల్లో మునుపటి పదును లేదు. ఆడపడుచు పైకి వెళ్ళలేక ఆగితే వదిన అందుకునేది. వదినకు ఊపిరి చాలకపోతే ఆడపడుచు హార్మోనియం మీద కాస్త సాగదీసేది. నది పాట వింటూ ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఒక్కో పాట అయిపోగానే టైలరు మెడ నిక్కించి చూసేవాడు. ఇంకేదో పాట మొదలయ్యేది.

"టైలరు పాట ఏదమ్మా?" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

"ఆయన వద్దన్నారండీ," అంది భార్య, ఎక్కడలేని వినయమూ తెచ్చుకుని.

అందరూ ఆయన వంక చూశారు. ఆ చూపులకు ఆయన లొంగేవాడు కాదు. కానీ వాళ్ళు వారాలకు వారాలు ఊళ్ళు తిరుగుతుంటే, ఇక్కడ మిషను తొక్కుకుంటూ ఉన్న తను ఆ పాటలోనే కదా వాళ్ళ వెంట వెళ్ళింది! ఇవాళ నదికీ చోటుంది, కరువుకూ చోటుంది, తనకే లేదనిపించింది.

"సరే, ఏడవండి. ఒక్కసారే," అని గొణిగాడు.

"వినపడలేదన్నయ్యా!"

"పాడమన్నాను!"

గది గొల్లుమంది. పాట అందుకున్నారు.

*ఊరందరి కొలతలూ నోటికొచ్చు వాడికి
తన కొలతే తెలియదమ్మా, తన కొలతే తెలియదు...*

రెండు చరణాలు హుషారుగా నడిచాయి. మూడోదానికి భార్య నోరు తెరిచి ఆగిపోయింది. ఆడపడుచు వంక చూసింది. ఆవిడకూ గుర్తులేదు. ఇది ఆటపట్టించడం కాదని ఇద్దరి మొహాలూ చూడగానే టైలరుకు తెలిసిపోయింది. హార్మోనియం మాత్రం అదే వరస చుట్టూ తిరుగుతోంది. ఆయన లేచి నిలబడి ఆ చరణం ఎత్తుకున్నాడు.

*ఫొటో తీసేవేళ వాడు పొట్టిచెయ్యి దాచబోతే
పెళ్ళికూతురు నవ్వి నవ్వి ఆ చెయ్యే పట్టుకుంది...*

శ్రుతి ఒక దారి, ఆయనొక దారి. అయినా జనమంతా గొంతు కలిపారు.

అందరూ వెళ్ళాక కుర్చీలు మడుస్తూ భార్య మెల్లగా అడిగింది. "మేమే మరిచిపోయిన చరణం మీకెలా గుర్తుందండీ?"

"తిట్టుకున్నప్పుడల్లా వల్లించాను మరి."

"వదినా," అంది చెల్లెలు హార్మోనియం మూస్తూ, "అన్నయ్య గొంతు మీద మనం ఇంతవరకూ ఒక్క ముక్కా కట్టలేదు, చూశావా?"

"రేపే కూర్చుందాం."

టైలరు నలిగిన తాను ఒకటి దులిపి పైన పెట్టాడు.

"కట్టేదేదో మంచి రాగంలో కట్టండి," అన్నాడు.