గోడకు జానెడు దూరంలో

మధ్యాహ్నం మూడయ్యేసరికి అక్క పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. ఆ బట్టల కొట్టులో అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. కొనేవాళ్ళు కూర్చోవడానికి ఎత్తుపీటలున్నాయి. అమ్మేవాళ్ళు మాత్రం గోడకు జానెడు దూరంలో నిలబడాలి. ఆనుకుంటే సగం రోజు జీతం కోత.

"కొంగ కూడా ఒక కాలికి సెలవిస్తుందక్కా," అంది పక్కన గుడ్డ తాను చుడుతున్న అమ్మాయి. కొట్టులో అందరికన్నా చిన్నది. ఆమెకిప్పుడు ఏడో నెల. నవ్వుతూనే నడుం పట్టుకుంది.

"నోరు మూసుకోవే. మేనేజరు చూస్తాడు."

ఆ సాయంత్రం చిన్నది ఆమెను కార్మిక సంఘం మీటింగుకు లాక్కెళ్ళింది. దర్జీ కొట్టు వెనక ఇరుకు గది. బస్సు కండక్టర్లు, ఆసుపత్రి ఆయాలు, బేకరీలో పిండి కలిపేవాళ్ళు బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు.

"బస్సువాళ్ళతో మనకేం పనే?" అని అక్క గొణిగింది. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. ఇక్కడికి వచ్చినట్టు తెలిస్తే చాలు, ఉద్యోగం ఊడుతుంది.

ముసలి కండక్టరు ఆ మాట విన్నాడు. "బస్సు కదులుతుంది, కొట్టు కదలదు. అంతేనమ్మా తేడా," అని ప్యాంటు మోకాళ్ళ దాకా పైకి లాగాడు. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి.

"కూర్చో వదినా," అంది ఒక ఆయా.

"ఆఁ," అంది అక్క.

కాసేపయ్యాక ఆయా మళ్ళీ అంది. అప్పుడు గాని అక్కకు తెలియలేదు. పక్కనే బెంచీ ఖాళీగా ఉంది. తను మాత్రం చేతులు కట్టుకుని, గోడకు సరిగ్గా జానెడు దూరంలో నిలబడి ఉంది. ఎవరూ నవ్వలేదు. ఆయా లేచి వచ్చి, భుజం పట్టి కూర్చోబెట్టింది.

మర్నాడు జనం పలచబడే వేళకు చిన్నది కళ్ళు తిరిగి గోడకు ఒరిగింది.

"సగం రోజు కట్," అన్నాడు మేనేజరు, తలెత్తకుండానే.

అక్క కౌంటరు దాటి వెళ్ళి ఎత్తుపీట ఒకటి తెచ్చింది. చిన్నదాన్ని దాని మీద కూర్చోబెట్టింది. మేనేజరు తలెత్తాడు.

"అది కస్టమర్లది. లేపు దాన్ని."

"లేపను సార్."

"ఏమన్నావ్?"

"లేపనన్నాను."

మేనేజరు యజమానికి ఫోను కలిపాడు. అక్క మెల్లగా జానెడు వెనక్కి జరిగి, గోడకు వీపు ఆనించింది.

గోడ చల్లగా ఉంది.