చుక్క లేని నాణెం

ఆమె భయమల్లా ఒక్కటే. తను పనిలో ఉండగా బుజ్జిది నాణెం మింగేస్తుంది, పక్కనే ఉన్న మామగారికి తెలియదు.

ముందు గదిలో ఆయన పాత నాణేలు అమ్ముతాడు. తెల్లదొరల నాటి వెండివీ, రాగివీ, బల్ల మీద గిన్నెల నిండా. నాణెం మీద అచ్చేసిన సంవత్సరం అంకెల కింద ఆవగింజలో సగం చుక్క ఉంటే రేవు పట్నం టంకశాలది, లేకపోతే పాత రాజధానిది. సేకరించేవాళ్ళకు ఆ చుక్కే ప్రాణం. ఆయన బొటనవేలి గోరు ఇలా ఆనించి అలా చెప్పేస్తాడు. "అవి కళ్ళా, భూతద్దాలా!" అంటారు వచ్చేవాళ్ళు. ఆమె కూడా అలాగే అనుకుంది. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటే, నడక నేర్చిన పిల్లను మామగారికి అప్పజెప్పి కుట్టుపనికి పోతోంది.

ఆ పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుండగా, ఎప్పుడూ వచ్చే కళ్ళజోడాయన వచ్చాడు. మామగారు ఒక నాణెం తీసి గోరు ఆనించాడు.

"చుక్కుంది. రేవు పట్నానిదే. కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళు."

కళ్ళజోడాయన కాస్త గీకాడు. చుక్క ఊడి బల్ల మీద పడింది.

"పెద్దాయనా, ఇది బిస్కెట్ ముక్క! మీ టంకశాలలో బిస్కెట్లు కూడా చేసేవాళ్ళేమిటి?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆమె చెప్పులు విడిచేసింది. నిన్న పిల్ల చేతికి బిస్కెట్ ఇచ్చింది తనే. అంటే ఆ నాణెం పిల్ల నోట్లోకి వెళ్ళి, మళ్ళీ గిన్నెలోకి వచ్చింది.

పరుగున వెళ్ళి బుజ్జిదాని నోట్లో వేలు పెట్టి వెతికింది. ఏమీ లేదు. పిల్ల వేలు కొరికి కిలకిలలాడింది.

కళ్ళజోడాయన వెళ్ళాక ఆయన ముందు చెయ్యి చాపింది.

"మామయ్యా, నా చేతిలో ఏముంది?"

"ఆటలా అమ్మాయ్? పనికి వేళవుతోంది."

"చెప్పండి."

ఆయన గాజుల చప్పుడు వైపు తల తిప్పాడు. "ఏముంటుంది, నాణెం."

ఖాళీ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన గొంతు తగ్గించాడు. "మావాడికి చెప్పకమ్మా. బల్ల ఎత్తేయిస్తాడు. అదీ పోతే నేనేం చెయ్యను? పిల్లదంటావా, దాని అడుగుల చప్పుడు నాకు తెలుసు."

"మింగితే చప్పుడవుతుందా మామయ్యా?"

ఆయన తడుముకుంటూ గిన్నెలు తన దగ్గరికి లాక్కున్నాడు.

గిన్నెలన్నీ అటక మీదికి ఎక్కించింది. చివరిదాన్ని ఆయన వదల్లేదు. "ఇదొక్కటి ఉండనీ, ఎవరైనా వస్తే..." పెద్దాయన చేతిలోంచి లాక్కోలేకపోయింది. ఇంట్లో ఉండిపోదామంటే, రేపటికల్లా తన మిషను ముందు ఇంకొకతె కూర్చుంటుంది. వెళ్ళింది.

ఇప్పుడు గుడ్డ మీద సూది పరుగెడుతోంది గానీ ఆమె ప్రాణం ఆ గుమ్మంలోనే ఉంది. కాబట్టి ఆ వీధిన వెళ్ళేవాళ్ళు నాణేలు కొనకపోయినా సరే, ఒక్కసారి ఆగి లోపలికి చూడండి. బుజ్జిదాని గుప్పిట విప్పండి, నోరు తెరిపించండి. పెద్దాయన్ని మాత్రం అడక్కండి. బాగానే ఆడుకుంటోందంటాడు.