ఎర్ర కారుకి ధర కట్టిన రోజు

పాండురంగ ముందు బయటే చూస్తాడు. కారు చుట్టూ తిరిగి, వంగి, చేతి వెనకవైపుతో డోరు మీద మెల్లగా రాసి, రంగు ఎక్కడ మళ్ళీ కొట్టారో కనిపెడతాడు. తర్వాత ఇంజను. లోపలి భాగం ఆఖరికి. లావర్టన్‌లో హైవే పక్కనున్న ఆ పాత కార్ల యార్డులో చేరిన నాటి నుంచీ ఇదే వరస. అమ్మడానికి వచ్చినవాళ్ళు పక్క సీట్లో కూర్చుని కష్టాలు చెప్పి మనసు కరిగిస్తారు కాబట్టి, లోపలికి వెళ్ళేసరికే ధర సగం తేలిపోయి ఉండాలంటాడు.

రోజంతా అతను చూసేవన్నీ దెబ్బలే. ఆ ఉదయం మొదట వచ్చిన, వెనక తొట్టి ఉన్న యూట్ బండి డోరు మీద గొడ్డలి గాటు ఉంది. పొరుగువాడితో కంచె తగాదా అని నవ్వుతూ చెప్పాడు ఓనరు. ఆ వెనకే వచ్చిన వ్యానుని ఎవరో బ్యాటుతో ఈ చివర నుంచి ఆ చివరదాకా బాదారు. ఎవరు, ఎందుకు అని పాండురంగ అడగడు. ఎంత తగ్గించాలో చూసుకుంటాడు, అంతే.

ఎర్ర హ్యాచ్‌బ్యాక్ గేటులోకి రాగానే గుర్తుపట్టాడు. ఆరేళ్ళ క్రితం తనే దగ్గరుండి ఇప్పించిన కారు. చూడ్డానికి బుల్లిది, లోపల టర్బో ఇంజను, చేత్తో మార్చే ఆరు గేర్లు. కుర్రాళ్ళు దానికోసం పడి చచ్చేవాళ్ళు. నిజామాబాద్ కుర్రాడు జయంత్ దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు గానీ, స్పీడు ఫైన్లతో అప్పటికే లైసెన్సు పోగొట్టుకుని ఉండడంతో కారు అతని భార్య భానుశ్రీ పేరు మీదికి వచ్చింది. ఇవాళ భానుశ్రీ ఒక్కతే దిగింది. ఒళ్ళు మండిపోయే ఎండలో మెడదాకా జిప్పు లాక్కున్న హుడీ వేసుకుంది.

"అంకుల్, దీనికి ఎంతొస్తదో చూడున్రి. టుడేనే అకౌంట్ల పడాలె. నేను సిడ్నీ పోతున్న."

"జయంత్ ఏడమ్మా? వాడికి తెలుసా?"

"పేపర్స్ నా పేరు మీదనే ఉన్నయ్ కద అంకుల్."

ఆ జవాబు పాండురంగకి నచ్చలేదు. అలిగి వెళ్ళిపోతోందని అర్థమైంది. తనుండే టార్నీట్‌లో మన తెలుగు పిల్లల కాపురాల్లో మాటలు ఆగిపోతే కబురు అతనింటికే వచ్చేది. భార్య శాంతి పులిహోర కలిపి పెట్టేది, ఇతను ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి సర్దిచెప్పేవాడు. అకౌంటింగు చదువుదామని వచ్చి, ట్యాక్సీ నడిపి, చివరికి ఎండలో ఇనుము తడుముకుంటూ మిగిలిపోయిన మనిషికి ఈ దేశంలో దక్కిన పెద్దరికం అదొక్కటే. పిల్లలు లేని ఆ ఇద్దరికీ, ఒక జంటని కలిపి పంపిన రోజున ఇల్లు నిండుగా ఉండేది. ఎవరూ అడగని మంచితనం కూడా కొందరికి వ్యసనమవుతుంది.

ఆమెని ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోబెట్టి పనిలో పడ్డాడు. రంగు వెలిసింది. ముందు అద్దానికి ఎడమవైపు చీలికలు కనిపిస్తే రాయి దెబ్బ అని రాసుకున్నాడు. సైలెన్సర్ మార్చేసి పెద్ద చప్పుడుది పెట్టారు, దానికి ధర పెరగదు సరికదా తరుగుతుంది. క్లచ్ అరిగింది. ఇంజను మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. బానెట్ మూసి, షెడ్డు వెనక్కి నడిచి, జయంత్‌కి ఫోన్ చేశాడు.

"అబ్బాయ్, మీ ఆవిడ ఇక్కడే ఉందిరా, మన యార్డులో. కోపాలేవన్నా ఉంటే వచ్చి మాట్లాడుకోండి. నేనున్నాగా."

"థాంక్యూ సో మచ్ అంకుల్. వస్తున్న. జర ఆమెను కూసోబెట్టున్రి."

ఎంత మర్యాదగా మాట్లాడతాడు! పాండురంగకి సంతోషం వేసింది. సాయంత్రం ఇద్దర్నీ భోజనానికి తీసుకురావచ్చు అనుకుంటూ కారులోకి ఎక్కాడు.

ఎడమవైపు డోరుకి లోపలి హ్యాండిల్ లేదు. మొదలంటా విరిగిపోయింది. ఆ సీట్లో కూర్చున్న మనిషి తనంతట తను దిగలేదు. గ్లవ్‌బాక్సు మూత మధ్యకి చీలిపోయింది. అద్దం వైపు చూశాడు. రాయి తగిలితే బయట గుంట పడుతుంది. దిగి వచ్చి బయట తడిమాడు. గుంట లేదు, అద్దం బయటికి ఉబ్బి ఉంది. మళ్ళీ లోపల కూర్చుని దగ్గరగా చూశాడు. చీలికల్లో పొడుగాటి వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి.

పాండురంగ కారు దిగాడు. తిన్నగా ఆఫీసులోకి వెళ్ళాడు.

"అమ్మా, ఆ అద్దం..."

"నా తల, అంకుల్. క్రిస్మస్ అప్పుడు." హుడీ జిప్పు కొంచెం కిందికి లాగింది. మెడ చుట్టూ వేళ్ళ అచ్చులు నల్లగా ఉన్నాయి. "ఇది మొన్నటిది. సిడ్నీల, టూంగాబీల మా ఫ్రెండ్ ఉంటది. ఫ్లైట్‌కి గూడ పైసల్లేవ్. నా కార్డులన్నీ ఆయన దగ్గరనే ఉన్నయ్. ఈ కొత్త అకౌంట్ ఆయనకు తెల్వదు."

"నేను వాడికి ఫోన్ చేశాను తల్లీ."

భానుశ్రీ అరవలేదు. తలెత్తి అతని మొహంలోకి చూసింది. "మీరు గూడనా అంకుల్?" అంది.

పాండురంగ సిగ్గుతో చచ్చిపోయాడు. చావవలసినంత సిగ్గే అది. మేనేజరు క్రెయిగ్ గదిలోకి తోసుకుని వెళ్ళి, ఎర్ర కారు కొంటున్నాం, డబ్బు ఇప్పుడే వేసెయ్ అన్నాడు. అద్దం పగిలింది, క్లచ్ పోయింది, రేపు చూద్దాం అన్నాడు క్రెయిగ్. ఏనాడూ గొంతు పెంచని పాండురంగ బల్ల మీద గుద్దాడు. తగ్గింపులన్నీ తన జీతంలో కోసుకోమని అరిచాడు. క్రెయిగ్ బిత్తరపోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. డబ్బు పడ్డట్టు భానుశ్రీ ఫోన్లో కనిపించగానే, వెనక గేటు దగ్గరికి ట్యాక్సీ పిలిచి ఆమెని అటు పంపాడు.

ఆమె అటు నడిచిందో లేదో, ముందు గేటులో జయంత్ ఎవరిదో బండి దిగాడు. ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు.

"నమస్తే అంకుల్. ఏది ఆమె?"

"లోపల టీ తాగుతోంది బాబూ. కూర్చో, ముందు మనం మాట్లాడుకుందాం."

జయంత్ ఆఫీసు అద్దంలోంచి చూశాడు. ఖాళీ కుర్చీ మీద ఫ్యాను తిరుగుతోంది. ఎర్ర కారు వెనక డోరు లేపి, స్టెప్నీ పక్కనుంచి చక్రాలు విప్పే ఇనప రాడ్డు తీశాడు. మొదటి దెబ్బకి ముందు అద్దం కూలింది. రెండో దెబ్బకి హెడ్‌లైటు పోయింది. అప్పుడు వెనక గేటు దగ్గర భానుశ్రీ కనబడి అటు పరిగెత్తాడు. ట్యాక్సీ ఇంకా రాలేదు.

పాండురంగ అడ్డం నిలబడ్డాడు. జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు, ఎలా కొట్టాలో కూడా తెలియదు. రాడ్డు భుజం మీద పడింది, ఎముక విరిగింది. తర్వాత చెవి పైన పడింది. కూలిపోతూ జయంత్ కాలు రెండు చేతులా కౌగలించుకున్నాడు. "వదులు ముసలోడా" అంటూ జయంత్ ఆ తల మీదే మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. మెకానిక్కులు వచ్చి మీద పడేదాకా కొడుతూనే ఉన్నాడు. పాండురంగ కాలు వదల్లేదు. గేటు బయట ట్యాక్సీ డోరు పడ్డ చప్పుడు, బండి కదిలిన చప్పుడు వినిపించాక అతని చేతులు వాటంతట అవే విడిపోయాయి.

అంబులెన్సు హైవే ఎక్కకముందే ప్రాణం పోయింది. శాంతికి కబురు చెప్పే పని పోలీసుల మీద పడింది. భానుశ్రీ విమానం ఆ సాయంత్రమే సిడ్నీలో దిగింది.

ఎర్ర కారుని పోలీసులు సాక్ష్యంగా లాక్కెళ్ళారు. యార్డు వెనక కంచె పక్కన, సిబ్బంది బళ్ళు పెట్టుకునే చోట, పాండురంగ సొంత కారు, సొట్టలు పడ్డ తెల్ల క్యామ్రీ, మిగిలిపోయింది. దాని ముందు అద్దం వెనక, సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు స్టీరింగు చేతులు కాల్చకుండా, ఎండ తెర నాలుగు మూలలూ సరిచేసి పరిచి ఉంది.