నాలుగో అంతస్తు గాలి

నాలుగో అంతస్తు వరండాలో గాలమ్మ గొంతుకూర్చుని, గచ్చుమీద పడ్డ రంగు చుక్కల్ని పాత బ్లేడుతో గీకుతోంది. ఊడిన చుక్కని చీపురుతో తోసెయ్యదు, వేలితో అద్ది డబ్బాలో వేస్తుంది. ఒకప్పుడు నూలు మిల్లులో నేలమీద పీచు మిగిలిస్తే మేస్త్రీ పెట్టిన చీవాట్లు ఇంకా ఆమె చెవుల్లోనే ఉన్నాయి.

ఆ నూలు మిల్లు ఇదే. మూతపడి, పదేళ్ళు పాడుబడి, ఏటి ఒడ్డున అలాగే నిలబడి చివరికి ఇళ్ళుగా మారింది. యంత్రాలు ఆడిన చోట వంటగదులు వెలిశాయి. ఇరవై ఏడేళ్ళు ఇక్కడ నూలు వడికిన గాలమ్మ, మూడు నెలలుగా ఇక్కడే చీపురు పడుతోంది. రేపు ఇళ్ళవాళ్ళకి తాళాలిస్తారు. అందుకని ఆమెకి ఇదే ఆఖరి రోజు.

"పక్కకి జరగమ్మా, సిలిండర్లొస్తున్నాయి," అన్నాడు సూపర్‌వైజరు.

"సిలిండర్లెందుకు బాబూ?"

"గ్యాసు మంటతో కిటికీలు కోసెయ్యడానికి."

గాలమ్మ చేతిలో బ్లేడు ఆగిపోయింది. ఏటివైపు గోడంతా ఇనప చట్రాల కిటికీలు, పన్నెండు. మూడు నెలలుగా ఒక్కొక్క అద్దం తోమి తళతళలాడించింది తనే. ఆ మిల్లులో తనవి అనుకోదగ్గవి ఇంకేం మిగిలాయి గనక!

ఇంజినీరమ్మాయి కిటికీ దగ్గర గునపం పట్టుకుని చెమటలు కక్కుతోంది. "మూడు రోజుల్నించీ తలప్రాణం తోకకొస్తోంది పెద్దమ్మా. ఒక్కటీ తెరుచుకోవట్లేదు. గాలి ఆడకపోతే అధికారులు అనుమతివ్వరు. నాలుగింటికి వస్తారు. ఇవి పీకేసి అల్యూమినియంవి పెట్టేస్తామని రాసివ్వాలి."

"ఒక్కోటీ ఎందుకు తెరుస్తున్నారమ్మా?"

"మరి?"

"ఇక్కడ ఒక్కటే విడిగా ఎప్పుడూ తెరుచుకోలేదు. తెరుచుకుంటే పన్నెండూ తెరుచుకుంటాయి."

సూపర్‌వైజరు పకపకా నవ్వాడు. ఇంజినీరమ్మాయి నవ్వలేదు, గునపం కింద పెట్టింది.

గాలమ్మ వరండా చివరికి నడిచి, గోడకి బిగించిన కొత్త చెక్క పలకమీద అరచేత్తో తట్టింది. "దీని వెనకుంది చక్రం. విలువైంది కదా, భద్రంగా మూసి పెట్టుకున్నారనుకున్నా."

వడ్రంగి వచ్చి పలక మేకులు పీకడం మొదలెట్టాడు. చూడ్డానికి బాగాలేదని మూసింది తనే మరి. కిటికీల పైన పొడుగునా సాగిన ఇరుసుని నీళ్ళ గొట్టం అనుకుని రంగులవాళ్ళు తెల్లరంగు దట్టించేశారు. అన్ని కిటికీలకీ పట్టు ఆ ఇరుసే. అది తిరిగితే తప్ప ఏ ఒక్కటీ కదలదు.

పలక ఊడింది. బండి చక్రమంత ఇనప చక్రం బయటపడింది.

మిల్లు ఆడే రోజుల్లో, గాలి తగిలితే దారం తెగుతుందని షిఫ్టంతా కిటికీలు మూసే ఉంచేవాళ్ళు. విరామం సైరన్ మోగాక పది నిమిషాలే తెరవాలి. ఆ పని ఆమెది. పీచుతో ఉక్కిరిబిక్కిరయ్యే నూట ఇరవైమంది ఊపిరి ఆ పది నిమిషాలు ఆమె చేతిలో ఉండేది. పెళ్ళయిన మర్నాడు తిప్పింది, మొగుడు పోయిన వారానికి తిప్పింది. గాలమ్మ అన్న పేరు అలా వచ్చిందే. అసలు పేరు హాజరు పట్టీలో ఉండిపోయింది.

చక్రందాకా వెళ్ళిన చెయ్యి గాలిలోనే ఆగింది. సైరన్ మోగకుండా దాన్ని ముట్టుకుంటే ఉద్యోగం ఊడేది.

"ఇంక సైరన్ మోగదు కదమ్మా?" అంది బెరుగ్గా.

"మోగదు పెద్దమ్మా. నువ్వు తిప్పు."

చక్రానికీ ఇరుసుకీ నూనె పోయించింది. మొదట వెనక్కి అర చుట్టు తిప్పి, దగ్గొస్తే ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్క ఊపున ముందుకి మూడు చుట్లు తిప్పింది. ఇరుసు కీచుమంది. ఎండిన తెల్లరంగు పెచ్చులుగా రాలింది. పన్నెండు కిటికీలూ ఒక్కసారే ఒళ్ళు విరుచుకున్నాయి.

ఏటి గాలి ఈ చివరినుంచి ఆ చివరికి దూసుకొచ్చింది. సూపర్‌వైజరు చేతిలో కాగితాలన్నీ ఎగిరిపోయాయి. వాటి వెంట పరిగెత్తుతూనే, "సిలిండర్లు కిందికి దించేయండ్రా!" అని అరిచాడు. ఇంజినీరమ్మాయి గాలమ్మని కావలించుకుని, చంటిపిల్లలా గెంతింది. గాలమ్మకి పట్టరాని ఆనందంగా ఉంది.

నాలుగింటికి వచ్చిన అధికారి తనూ చక్రం తిప్పి, కిటికీలు మూసి తెరిచి చూసుకుని, మురిసిపోతూ సంతకం పెట్టాడు.

వడ్రంగి మళ్ళీ బిగించడానికి పలక తెచ్చాడు. ఇంజినీరమ్మాయి వద్దంది. గాలమ్మ చీర చెంగు ఎర్రంచు చించి, చక్రం ఆకు కమ్మీ ఒకదానికి ముడేసింది. "తెరిచేటప్పుడు ఇది మూడోసారి పైకొచ్చేసరికి ఆపెయ్యాలి. ఇంకా తిప్పితే అద్దాలు పగులుతాయి. వచ్చేవాళ్ళకి చెప్పు తల్లీ."

ఐదింటికి చీపురూ బకెట్టూ అప్పగించి మెట్లు దిగింది. గేటు దాటాక ఆగి తలెత్తింది. తెరిచినప్పుడల్లా తను లోపలే ఉండేది. తెరుచుకున్న ఆ కిటికీల్ని బయటినుంచి చూడటం ఆమెకి ఇదే మొదలు. పన్నెండూ లెక్కపెట్టుకుని, ఎవరూ చూడకుండా నవ్వుకుని, ఏటి గట్టు వెంట వెళ్ళిపోయింది.

పైన వరండాలో, చక్రానికి కట్టిన ఎర్రంచు పేలిక గాలికి రెపరెపలాడుతూనే ఉంది.